సూరేకారం ఎక్కడ దొరుకుతుంది?

పోయిన దీపావళి ముందు, ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు ఫోను. "అన్నయ్యా, సూరేకారం ఎక్కడ దొరుకుతుంది?" చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరతాట్ట. తాతయ్య వాళ్ళు కూరలేదా అని వాదన! కూరారు. కానీ నాలుగు దీపావళులు పక్కన కూర్చుని చూస్తే గానీ పిల్లల్ని మందు ముట్టుకోనిచ్చేవారు కాదు. వీడికి కొట్టు అడ్రసొక్కటే కావాలి.

సూరేకారం దొరక్కపోతే "ఏదో ఒక క్లోరేట్"తో సర్దుకుంటానన్నాడు చూడండీ, అప్పుడు భయమేసింది నాకు. క్లోరేటూ గంధకమూ కలిస్తే నిప్పే అక్కర్లేదు, రాపిడి చాలు. అందుకే మన దేశంలో ఆ మిశ్రమాన్ని 1992లోనే నిషేధించారు. ఈ ముక్క చెప్తే "మాకు కెమిస్ట్రీలో చెప్పలేదే" అన్నాడు. నిజమే, మనకి సమీకరణాలు బాలెన్స్ చెయ్యడం మాత్రం భేషుగ్గా నేర్పుతారు :)

అడ్రసు చెప్పలేదు. "నువ్వూ నాన్నలాగే" అని విసుక్కుని పెట్టేశాడు. వెంటనే పిన్నికి ఫోన్ చేశాను.