రూల్‌బుక్‌లో లేని ఆడవాళ్ళు

నేను సైనికుల బొమ్మలకు రంగులు వేస్తానంటే స్నేహితురాళ్ళు వింతగా చూస్తారు. యుద్ధం వద్దని ఊరేగింపుల్లో నడిచిన మనిషికి ఈ కత్తుల గోలేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు నాకైనా స్పష్టపడాలని ఇది రాస్తున్నాను.

చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద బొమ్మలతో, పాచికలతో, కొలతల టేపుతో మళ్ళీ ఆడటమే వార్‌గేమింగ్. నా బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. నాది 1429 నాటి ఫ్రెంచి సైన్యం, ఓర్లెయాన్ ముట్టడిని ఛేదించిన సైన్యం. ముందు బొమ్మంతా నల్లరంగు పూసి ఆరనివ్వాలి. తర్వాత బ్రష్షుకి వెండిరంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, మిగిలిన పొడిరంగును గొలుసు కవచం మీద పైపైన రాయాలి. ఉబ్బెత్తులు మెరుస్తాయి, సందులు నల్లగానే ఉండిపోతాయి. మందపాటి నారచొక్కా మడతల్లోకి పల్చటి గోధుమరంగు నీళ్ళు దిగితే నీడలు వాటంతటవే వస్తాయి. చివరికి ముఖం. పేరు లేని ఒక కాల్బంటు ముఖం మీద గంటసేపు చూపు నిలిపితే యుద్ధం మీద మోజు పుట్టదు. ఈ చొక్కా ఎవరు కుట్టారు, ఇతనికి ఎవరు వండి పెట్టారు అనే ఆలోచన పుడుతుంది.

అసలు ఈ ఆటలోకి మనకు ప్రవేశం ఎలా దొరికింది? 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో దీనికి నియమాలు రాశాడు. అది మగపిల్లల కోసమని, మగపిల్లల ఆటలు ఇష్టపడే కాస్త తెలివైన ఆడపిల్లల కోసం కూడానని పుస్తకం పేరులోనే చెప్పాడు. తెలివి ఉంటే మినహాయింపు అన్నమాట! ఆయన ఆడుకున్నవి బ్రిటన్స్ కంపెనీ సీసపు సైనికులతో. ఆ కంపెనీకి రంగులు వేసిన చేతుల్లో ఆడవాళ్ళవి చాలా ఉన్నాయి. ఇంటికి పని తెచ్చుకుని, బొమ్మకింతని కూలికి వేసినవాళ్ళూ ఉన్నారు. మగవాడు వేస్తే హాబీ, ఆడది వేస్తే కూలిపని. ఆట ఒకరిది, రంగు ఒకరిది.

నా సైన్యం కోసం కొన్న బొమ్మల్లో ఆడమనిషి ఒక్కతే, జోన్ ఆఫ్ ఆర్క్. మిగిలిన ఆడవాళ్ళు కావాలంటే ‘శిబిరం’ అనే వేరే ప్యాకెట్ కొనాలి. అందులో వంట చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు ఉంటారు. కానీ 1428 అక్టోబర్ 21న ఆంగ్లేయులు ఓర్లెయాన్ వంతెన దగ్గరి బురుజు మీద దాడి చేసినప్పుడు, ఊళ్ళోని ఆడవాళ్ళు మరిగే నీళ్ళు, కాగిన నూనె, సున్నం, బూడిద మోసుకెళ్ళి అందించారని ముట్టడి దినచర్యలోనే ఉంది. వాళ్ళ బొమ్మలు నాకెక్కడా దొరకలేదు. అందుకే శిబిరంలోని వంటమనుషులను కొని, లంబపు ముద్దతో కుండలు చేసి చేతుల్లో పెట్టాను. వేడికి కందిన చేతులకు కాస్త ఎరుపు కలిపాను.

జోన్ జెండా దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. తెల్లగుడ్డ మీద కలువల్లాంటి పూలు, యేసు, మరియల పేర్లు. విచారణలో ఆమె కత్తికన్నా జెండానే ఎక్కువ ప్రేమించానంది. ఎవరినీ చంపకుండా ఉండేందుకే జెండా పట్టుకున్నానంది. ఆ జెండాకు రంగులు వేసిన టూర్ నగరపు చిత్రకారుడికి 25 లీవ్రులు ముట్టినట్టు లెక్కల్లో ఉంది. ఆయన కూతురు ఎలియోత్ పెళ్ళికి సాయం చేయమని జోన్ నగరసభకు ఉత్తరం రాసింది. వాళ్ళు డబ్బివ్వలేదు, పెళ్ళిరోజుకు రొట్టె, ద్రాక్షసారా ఇచ్చారు. యుద్ధచరిత్రల్లో ఈ ముక్క పక్కకు పోతుంది. నాకు మాత్రం జెండా మీద పువ్వు దిద్దినప్పుడల్లా ఎలియోత్ గుర్తొస్తుంది.

1431 మే 30న రువాన్‌లో జోన్‌ను కాల్చేశారు. మానుకుంటానన్న మగదుస్తులు మళ్ళీ వేసుకుందన్నది ఆమె మీద మోపిన ముఖ్యమైన నేరం. మన రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అన్నాయి. ఒకచోట మగవేషం సింహాసనానికి మెట్టు, ఇంకోచోట చితికి కట్టె. రెండుచోట్లా ఆడది ఆడదానిగా ఆయుధం పట్టడానికి వీల్లేదు. జోన్ బతికుండగానే, 1429లో, ఆమెను కీర్తిస్తూ కవిత రాసిన క్రిస్టీన్ ద పిజాన్ 1410 ప్రాంతంలో యుద్ధతంత్రం మీదే ఒక గ్రంథం రాసింది. 1488లో పారిస్‌లో అచ్చేసినప్పుడు ఆమె పేరు తీసేశారు.

మా క్లబ్బులో ఆ బురుజు దాడిని ఆడినప్పుడు నా కుండల ఆడవాళ్ళను గోడ మీద నిలబెట్టాను. “వీళ్ళు సైనికులు కారుగా, పాయింట్లెక్కడివి?” అన్నాడు ఒక పెద్దమనిషి. చెడ్డవాడేం కాదు, రూల్‌బుక్‌లో ఉన్నదే చెప్పాడు. దినచర్యలోని ఆ భాగం చదివి వినిపించాను. చర్చ అరగంట సాగింది. చివరికి వాళ్ళున్నచోట నిచ్చెన ఎక్కేవాడి పాచికలో ఒకటి తగ్గించాలని ఒప్పుకున్నారు. కేవలం ఒకటి. కానీ అది లెక్క. రాసి ఉన్న లెక్క.

చరిత్రలో ఆ రోజు దాడి ఆగింది, మూడు రోజులకు బురుజు పోయింది. గెలుపోటముల కోసం కాదు నేను వాళ్ళను అక్కడ నిలబెట్టింది. యుద్ధాన్ని నేను ప్రేమించను. కానీ యుద్ధం మోసినవాళ్ళను యుద్ధం కథలోంచి తీసేస్తే మిగిలేది మగవాడి వీరగాథే. దాన్ని ఖండించడానికైనా ముందు అక్కడెవరున్నారో చూడాలి కదా. ఇంకో నలుగురు మిగిలారు, సున్నం బుట్టలవాళ్ళు. నల్లరంగు పూసి కిటికీ దగ్గర ఆరబెట్టాను.