వెర్నల్ పక్కన వెర్నాక్యులర్

ఇంగ్లీషులో ‘వెర్నల్’ అంటే వసంతానికి సంబంధించినది. లాటిన్‌లో వసంతం ‘వేర్’. దాన్నుంచి ‘వెర్నుస్’, ఆపైన ‘వెర్నాలిస్’, చివరికి ఈ మాట వచ్చాయి. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే మార్చి 20 ప్రాంతపు రోజును ఖగోళ శాస్త్రం ‘వెర్నల్ ఈక్వినాక్స్’ అంటుంది. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘వసంతం’, లాటిన్ ‘వేర్’ ఒకే ఇండో యూరోపియన్ ధాతువు బిడ్డలు. అంటే వెర్నల్ మనకి దూరపు చుట్టమే.

నిఘంటువులో దానికి కాస్త పైనే ‘వెర్నాక్యులర్’ ఉంటుంది. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నా నిఘంటువులు వీటికి వేరే మూలాలే చూపిస్తాయి. ఇది ‘వెర్నా’ నుంచి పుట్టింది. యజమాని ఇంట్లోనే పుట్టిన బానిస వెర్నా. రోమన్ చట్టంలో తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి యజమానే అయినా సరే. ఆ మాట లోపల పేరులేని ఒక తల్లి ఉంది. 1878లో లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల నోరు నొక్కడానికి తెచ్చిన చట్టానికీ ఇదే పేరు పెట్టారు. డాక్టరేట్ చేతికొచ్చాక ఒక ఇంటర్వ్యూలో నన్నూ ‘వెర్నాక్యులర్ క్యాండిడేట్’ అన్నారు. అన్నవాళ్ళూ తెలుగువాళ్ళే.

మాది కుప్పం దగ్గర శాంతిపురం. అక్కడి తెలుగులో అరవం, కన్నడం కలిసిపోయి ఉంటాయి. కావ్యాల వసంతం మావిచిగురుతో, కోయిలతో, విరహంతో వేగిపోయే నాయికతో వస్తుంది. మా వైపు ఆ రోజుల్లోనే చింతకాయ దిగుతుంది. ఆడవాళ్ళు వసారాల్లో గుంపుగా కూర్చుని పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీస్తారు. కిలో లెక్కన కూలి. సాయంత్రానికి పులుపు తగిలి వేళ్ళ సందులు మండుతాయి. నేను పరిశోధన కోసం చదివిన వసంత వర్ణనల్లో స్త్రీ శరీరం అడుగడుగునా ఉంది. ఆమె చేతిపని మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఆ పనిని చెప్పే మాటలు అమ్మ దగ్గరున్నాయి. ఏ కాయ కొట్టడానికి పనికొస్తుందో, ఏది ఇంకా పచ్చిదో, ఏ పండు ఏడాది నిలవుంటుందో ఆమె ఒక్కో మాటలో తేల్చేస్తుంది. చాలావాటిని నేను నా సిద్ధాంత గ్రంథంలో వాడలేదు. వాడితే అర్థం రాయమనేవాళ్ళు. వెర్నల్‌కి మాత్రం ఎవరూ అర్థం అడగరు.

ఈమధ్య ఊరికెళ్ళినప్పుడల్లా ఒక నోటుబుక్కు తీసుకెళ్తున్నాను. అమ్మ, ఆమెతో కూర్చునే అక్కలు చెప్తుంటే ఆ మాటలు రాసుకుంటున్నాను. ఇప్పటికి సగం పుస్తకం నిండింది. దాని అట్టమీద ‘వసంతం’ అని రాశాను.