క్వాస్ పోసే రాజుగారు

'ఇడియట్' నవల మొదట్లో మిష్కిన్ మూడో తరగతి పెట్టెలో చలికి వణుకుతూ, చేతిలో చిన్న మూటతో పీటర్స్‌బర్గ్ వస్తుంటాడు. ప్రిన్స్ మిష్కిన్! ఈ 'ప్రిన్స్' తెలుగులో భలే ఇబ్బంది పెడుతుంది. యువరాజు అన్నామంటే తండ్రి ఎక్కడో సింహాసనం మీద ఉండాలి కదా. రష్యన్ మాట క్న్యాజ్. నా చెవికి దానికి దగ్గరగా వినిపించేది మా అమ్మమ్మగారి ఊళ్ళో, భీమవరం పక్కన, 'రాజుగారు' అనే పిలుపు. రొయ్యల చెరువు మీద చేసిన అప్పు తీరక తిరుగుతున్న మనిషైనా అక్కడ రాజుగారే. రాజ్యం ఏదీ అని ఎవరూ అడగరు.

క్న్యాజ్ బిరుదు పెద్దకొడుకు ఒక్కడిదే కాదు. కొడుకులందరూ క్న్యాజ్‌లే. పొలం మాత్రం పంచుకోవాలి. ముగ్గురు కొడుకులు, వాళ్ళకి మళ్ళీ ముగ్గురేసి... నాలుగో తరానికి బిరుదు అందరికీ నిండుగా ఉంటుంది, భూమి బెత్తెడు మిగులుతుంది. స్థిరాస్తి ఒక్క వారసుడికే పోవాలని పీటర్ 1714లో శాసనం చేశాడు. ప్రభువంశాలకి అది మింగుడుపడలేదు. 1730లో రద్దయింది.

భూమి సంగతి ఎలా ఉన్నా వరస మాత్రం వదిలేవాళ్ళు కాదు. మాస్కో విందుల్లో ఎవరు ఎవరికన్నా కింద కూర్చోవాలన్నది ప్రాణం మీదకొచ్చేంత తగువు. మా తాత మీ తాత కింద పనిచెయ్యలేదు, కాబట్టి యుద్ధంలోనైనా సరే నేను నీ కింద పనిచెయ్యను! ఈ లెక్కలకి చిట్టాలుండేవి. 1682లో ఆ పద్ధతి రద్దుచేసి చిట్టాలు తగలబెట్టారు. ఆ సంస్కరణని నడిపించిన వాసిలీ గలీత్సిన్ తనే ఒక పెద్ద క్న్యాజ్.

పక్కవాడి కింద కూర్చోని ఈ మనుషులే జార్‌కి అర్జీ పెట్టుకుంటే తమని తాము ఏమని రాసుకునేవాళ్ళో తెలుసా? 'నీ బానిస ఇవాష్కో'. అంటే ఇవాన్‌గాడు. ఆ 'గాడు'ని పీటర్ తీసేశాడు. 'బానిస' మాత్రం 1786లో కేథరిన్ తీసేసేదాకా ఉంది.

ఇదంతా ఒకచోట కనిపించేది 1740లో జరిగిన ఒక పెళ్ళిలో. అంతకు పదేళ్ళ ముందు, అన్నా ఇవానోవ్నాని గద్దెనెక్కిస్తూ కొందరు ప్రభువులు ఆమె అధికారానికి షరతులు పెట్టారు. వాళ్ళకి పెద్ద ఒక గలీత్సిన్. ఆమె మొదట సంతకం పెట్టింది, వారాలు తిరక్కుండా ఆ కాగితం చింపేసింది. ఆ వంశం వాడే మిఖాయిల్ గలీత్సిన్, చిట్టాలు రద్దుచేయించిన వాసిలీకి సొంత మనవడు. ఇటలీ అమ్మాయిని పెళ్ళాడి క్యాథలిక్ అయ్యాడని అన్నా అతన్ని కొలువులో విదూషకుణ్ణి చేసింది. అతిథులకి క్వాస్ పొయ్యడం అతని పని. పేరు కూడా క్వాస్నిక్ అయిపోయింది.

ఆ చలికాలం పీటర్స్‌బర్గ్‌లో మంచుగడ్డలతో ఒక ఇల్లు కట్టించారు. మంచం మంచు, దిళ్ళు మంచు. అన్నా దగ్గరుండే కల్మిక్ పనిమనిషి అవ్దోత్యా బుజెనినోవాతో గలీత్సిన్‌కి పెళ్ళి చేసి, ఇద్దర్నీ బోనులో పెట్టి ఏనుగు మీద ఊరేగించి, రాత్రంతా ఆ ఇంట్లో ఉంచారు. కదలకుండా బయట కాపలా.

ఈ కథ చెప్పేవాళ్ళంతా అంత గొప్ప వంశానికి ఎంత అవమానం అని బాధపడతారు. నిజమే, అవమానమే. కానీ ఆ మంచం మీద ఇద్దరున్నారు. బుజెనినోవా ఆమె ఇంటిపేరు కాదు. బుజెనినా అనే పందిమాంసం వంటకం ఇష్టంగా తినేదని పెట్టిన పేరు అంటారు. ఆయనకి తాగేదాని పేరు, ఆమెకి తినేదాని పేరు. ఆయన అసలు పేరు ఏడెనిమిది తరాల దాకా వంశవృక్షంలో దొరుకుతుంది. ఆమె పుట్టినప్పుడు కల్మిక్ భాషలో ఏమని పిలిచారో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అన్నా ఆ అక్టోబర్లోనే చనిపోయింది. అవ్దోత్యా కూడా ఎక్కువ కాలం బతకలేదు. గలీత్సిన్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. క్న్యాజ్ భార్య కాబట్టి ఆమె క్న్యాగిన్యా అవ్వాలి. కథ చెప్పేవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆమెని బుజెనినోవా అనే అంటారు.