తల తిరుగుట



నాట్లు వేయుచు వంచిన నడుము ఎత్తగానే కండ్లకు చీకట్లు క్రమ్మిన అనుభవము మీలో ఎవరికి లేదు? మా బీర్కూరు ప్రాంతమున దీనిని "చక్కరు వచ్చింది" అందురు. కారణములు పది యుండవచ్చును, మాట మాత్రము ఒక్కటే. ఆ ఒక్క మాటను నమ్మి నేను చేసిన తప్పును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మ మంజీర ఒడ్డు పొలములలో జీవితమంతయు కష్టపడిన మనిషి. ఒకనాడు తెల్లవారుజామున మంచముపై ప్రక్కకు ఒత్తిగిలగానే, "బిడ్డా, ఇల్లంతా గిర్రున తిరుగుతున్నది, నన్ను పట్టుకో!" అని కేక వేసెను. అర నిమిషములో అది తగ్గెను. కాని మరల ప్రక్కకు తిరిగినను, అటక మీది డబ్బాకై తల ఎత్తినను అదే బాధ. ఇరుగుపొరుగువారు గాలి సోకినదనిరి. మరికొందరు దిష్టి అనిరి. అమ్మ సిగ్గుపడి నలుగురిలోనికి వచ్చుట మానెను. పాటకు లేచి నిలిచినప్పుడు పడిపోవుదునేమో యని ఆదివారము మందిరమునకు కూడ రాలేదు. ఆరు నెలలు గోడకు ఆనుకొని కూర్చుండియే నిద్రించెను.

తుదకు పట్టణములోని చెవి వైద్యునియొద్దకు తీసికొనిపోతిని. తల తిరుగుటకు చెవి వైద్యుడేల యని నేనే ఆశ్చర్యపడితిని. ఆయన మూడు ప్రశ్నలు అడిగెను. "అమ్మా, కండ్లకు చీకట్లు వచ్చునా, గది తిరుగునా? ఎంతసేపు ఉండును? ఏమి చేయునప్పుడు వచ్చును?" పిమ్మట ఆమెను పరుండబెట్టి, తల ప్రక్కకు త్రిప్పి, కనుగ్రుడ్ల కదలికను చూచి సంగతి గ్రహించెను.

మన లోచెవిలో ద్రవము నిండిన మూడు వంపు గొట్టములున్నవి. తల ఎటు తిరిగినదో మెదడునకు తెలుపునవి అవియే. వాటి ప్రక్కనున్న అరలో ఇసుకవంటి సన్నని సున్నపు రేణువులుండును. వయస్సు మీరినప్పుడో, తలకు దెబ్బ తగిలినప్పుడో అవి ఊడి గొట్టములో పడినచో, తల కదలించినప్పుడెల్ల లోకము తిరిగినట్లు తోచును. స్త్రీలలో ఇది ఎక్కువ. జాన్ ఎప్లీ అను అమెరికా వైద్యుడు 1992లో ప్రకటించిన పద్ధతి ప్రకారము, మా వైద్యుడు అమ్మ తలను వరుసగా త్రిప్పుచు, ఒక్కొక్క స్థితిలో కొంతసేపు ఉంచి, ఆ రేణువులను తిరిగి వాటి చోటికి చేర్చెను. సూది లేదు, మాత్ర లేదు. ఆ రాత్రి అమ్మ దిండుకు తల ఆనించి నిద్రపోయెను.

నా తప్పు ఇక్కడనే మొదలాయెను. అమ్మకు నయమైనది గదా యని, తల తిరుగుటను గూర్చి నాకంతయు తెలిసినదని తలంచితిని. మరుసటి ఏట ఒక సాయంత్రము మా పెద్దనాయిన "చక్కరు వస్తున్నదిరా" అని అరుగుమీద కూలబడెను. మాట ముద్దగా వచ్చుచుండెను. ఒకటి రెండుగా కనబడుచున్నదనెను. పట్టుకొనినను నిలువలేకపోయెను. నేను "ఏమి లేదు పెద్దనాయినా, చెవి సంగతే, పొద్దున్నకు తగ్గును" అని పరుండబెట్టితిని. అది మెదడునకు రక్తము అందకుండ వచ్చిన పక్షవాతము. గడ్డను కరిగించు మందును సాధారణముగా 4.5 గంటలలోపల ఇయ్యవలెను. నేను రాత్రి అంతయు పోగొట్టితిని. ఆయన బ్రదికెను గాని, నేటికిని గోడ పట్టుకొని నడచుచున్నాడు. నన్ను ఒక్క మాటయు అనలేదు. అదియే నాకు బరువు.

ఆయా దేశముల పరిశీలనలను బట్టి, ఏటా నూరుగురు పెద్దవారిలో 15 నుండి 20 మందికి తల తిరుగుడు కలుగుచున్నది. వారిలో ఇంచుమించు నాలుగవ వంతునకే గది తిరిగినట్లుండును. తక్కినవారి కారణములు వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలవారని తేలినది. రక్తపోటు మాత్రలు వాడువారికి దిగ్గున లేచినప్పుడు కండ్లు తిరుగవచ్చును. చక్కెర వ్యాధికి మందు వాడుచు ఉపవాసముండువారికి చక్కెర పడిపోవచ్చును. కాబట్టి వైద్యుని అడుగక ఉపవాసముండరాదు. పార్శ్వపు తలనొప్పి, ఎండదెబ్బ, మనోవేదన కూడ తల త్రిప్పును. కల్తీ కల్లులోని మత్తుమందు సంగతి మాకు తెలియనిది కాదు. 2025 ఏప్రిల్‌లో మా బీర్కూరు, నస్రుల్లాబాదు మండలములలో అట్టి కల్లు త్రాగి పలువురు ఆసుపత్రి పాలైరి.

కాబట్టి, ప్రియులారా, మీ యింట ఎవరైనను తల తిరుగుచున్నదనినప్పుడు నవ్వకుడి, దిష్టి తీసి ఊరకుండకుడి. ఆ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను వైద్యునికి చెప్పుడి. దానితోపాటు మాట తడబడినను, మూతి వంకరయైనను, కాలు చేయి పట్టుతప్పినను, ఒకటి రెండుగా కనబడినను, నిలువలేకపోయినను, ఎన్నడు ఎరుగని తలనొప్పి వచ్చినను, తెల్లవారువరకు ఆగవద్దు. వెంటనే 108కు ఫోను చేయుడి.

నేను ఆ సాయంత్రము అడుగవలసిన ప్రశ్నలు మూడే. మీరైనను అడుగుడి.