అక్కకి బదులుగా చెప్పిన జవాబులు

4 సెప్టెంబరు 2025, గురువారం

ఎడమ రొమ్ములో గడ్డ ఉందని అక్క నిన్న రాత్రి వీడియో కాల్‌లో చెప్పింది. ఉగాదికి ముందు నుంచే ఉందట. నొప్పి లేదు కదా అని ఊరుకుందట. నొప్పి లేకపోయినా గడ్డ తగిలితే చూపించుకోవాలన్న మాట టీవీలోనో రేడియోలోనో మనబోటివాళ్ల చెవిన ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. వినపడని అక్కకి ఎలా తెలుస్తుంది? టీవీలో డాక్టరు మాట్లాడుతుంటే కింద అక్షరాలు రావు, పక్కన సైగలు చేసేవాళ్లూ ఉండరు.

వేసవిలో ఆశా కార్యకర్త వాళ్లింటికొచ్చి ఫారం నింపుకుని వెళ్లిందట. ముప్ఫై దాటినవాళ్లందరికీ నింపే ఫారం అది. రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందా, అన్నీ అందులో ఉంటాయి. అక్క ఎదురుగానే కూర్చుంది. జవాబులన్నీ అత్తగారు చెప్పింది. "దానికేం లేదమ్మా, బాగానే ఉంది." ఆ ఇంట్లో సైగలు అన్నం, బజారు, పిల్లాడి బడి దాటి పోవు. పోయినా, ఆ ఆఖరి ప్రశ్నకి అత్తగారి ద్వారా ఏ కోడలు జవాబిస్తుంది? అన్ని గళ్లలోనూ 'లేదు' పడింది. గడ్డ బయటపడాల్సింది అక్కడే.

11 సెప్టెంబరు, గురువారం

ఓపీలో నంబర్లు నోటితో పిలుస్తున్నారు. అక్క ఒక్కతే వచ్చి ఉంటే వంతు దాటిపోయేది. డాక్టరు మాస్కు తీయలేదు. "ఎప్పట్నుంచి ఉందండీ ఆవిడకి?" అని నన్ను అడిగాడు. అక్కని అడిగి చెప్పాను. తర్వాతి ప్రశ్న కూడా నాకే.

కాగితం మీద రాసి చూపిస్తే సరిపోదా అంది నర్సు. అక్క చదివిన బడిలో సైగలు వద్దని, పెదవులు చూసి పలకడమే నేర్పారు. అక్షరాలొచ్చాయి గానీ, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపడం గురించి చదివి తెలుసుకునేంత తెలుగు తనకి ఎవరూ అందించలేదు. సైగల్లో చెప్పగానే అర్థం చేసుకుని, "నొప్పి ఉంటుందా? రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అని తనే అడిగింది.

మామోగ్రామ్ గదిలో ఉన్న అమ్మాయి మాత్రం తెలివైనది. చెయ్యెత్తితే ఊపిరి బిగపట్టాలి, దించితే వదలాలి అని ముందే చేసి చూపించింది. పైసా ఖర్చు లేదు.

23 సెప్టెంబరు, మంగళవారం

క్యాన్సరే. చంకలోని గ్రంథులకూ పాకింది. "ఆవిడకి ఇప్పుడే చెప్పకండి" అన్నాడు డాక్టరు, అక్క ముందే. ఆ మాటతో సహా అక్కకి చెప్పాను. రోగం తనది. వచ్చే వారం కీమో మొదలు.

ఇవాళ అంతర్జాతీయ సైగ భాషల దినోత్సవం. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు వేటిలోనూ అవరోధాలు ఉండకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. అవరోధమంటే మెట్లొక్కటే కాదు, మాట అందకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో అవరోధమే. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలు దాటారు. ర్యాంపులు చాలాచోట్ల కట్టారు. సైగలు తెలిసిన మనిషి మాకు ఎక్కడా కనిపించలేదు.

జిల్లా వైద్యాధికారికి అర్జీ రాస్తున్నాను. ఆ ఫారంలోని ప్రశ్నల్ని సైగల్లో వీడియో తీయించి ఆశా కార్యకర్తల ఫోన్లలో పెట్టండి. ఆసుపత్రిలో సైగల అనువాదకుల్ని నియమించండి, మనిషి దొరక్కపోతే వీడియో కాల్‌లోనైనా. అత్తగార్నీ చెల్లెల్నీ వదిలేసి, ఒంట్లో ఏముందో ఆ మనిషినే అడగండి.