ధర వేయని వెదురు

విశాఖలో కొత్త పర్యాటక ఆకర్షణ ఏది మొదలైనా పేపర్లో రెండు అంకెలు వస్తాయి: ఎన్ని కోట్లు పెడుతున్నారు, ఎంతమంది వస్తారు. ఏజెన్సీ బడుల్లో లెక్కలు చెప్పే మాకు ఈ రెండూ చాలవనిపిస్తుంది.

2024–29 పర్యాటక విధానంతో రాష్ట్రంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా వచ్చింది. అంటే హోటళ్లు, రిసార్టులు కట్టేవారికి రాయితీలు. అదంతా ప్రజల సొమ్మే. మనం సంతలో కొన్న సబ్బు మీద పన్నూ అందులో ఉంది.

ఒకసారి మేము ఐదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాం. అరకు రోడ్డు మీద బొంగు చికెన్ అమ్మే ఇళ్ల పిల్లలు వాళ్లలో కొందరు. ఒక బొంగు అమ్మితే ఆ డబ్బు ఎక్కడెక్కడికి పోతుందో ఇంట్లో అడిగి రాయమన్నాం. కోడి మైదానం నుంచి వచ్చిన బ్రాయిలర్. కారం, మసాలా కూడా అక్కడివే. కొండవి వెదురు, అడ్డాకు, కట్టెలు, పొగలో అమ్మ కష్టం. వీటికి ఒక్కరూ ధర వేయలేదు. “అవి ఊరికే వస్తాయి కదా మాస్టారూ!” అన్నారు. ఆ పూట క్లాసంతా ఆ మాట మీదే నడిచింది. తిన్నాక పడేసిన ప్లేట్లు ఎవరు ఎత్తుతారో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

పెద్దల లెక్కల్లోనూ ఇలాంటి ఖాళీలున్నాయి. బొర్రా గుహలను ఎవరూ కట్టలేదు, సున్నపురాయిని నీరు తొలిచింది. వాటి కోసం వచ్చే మనిషి పక్కన కొత్తగా ఏమీ కట్టకపోయినా వస్తాడు. అతణ్ణి కొత్త కట్టడం ఖాతాలో రాస్తే ఎలా? అరకు మానుకుని కైలాసగిరి ఎక్కితే డబ్బు చోటు మారింది, అంతే. పైగా రిబ్బను కోశాక మొదలయ్యే ఖర్చు వేరే. 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సుర జలాంతర్గామిని చూడండి, ఉప్పుగాలిలో ఇనుము. మరమ్మతు ఆగదు.

1997 నాటి సమతా తీర్పు ఈ బొర్రా చుట్టుపక్కల గనుల గొడవలోంచే పుట్టింది. నికర లాభంలో కనీసం 20 శాతం నీటికి, బడికి, వైద్యానికి, రోడ్లకు స్థానికంగానే పెట్టాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అది గనుల మాట, నిజమే. కానీ రాయి తవ్వి అమ్మినా, రాయి చూపించి టికెట్టు అమ్మినా కొండ అదే. రాయితీ మంజూరు కాగితంలోనే ఊరి వాటా ఎంతో రాయమని, ఏటా ఆ లెక్క గ్రామసభలో చదవమని మనం అడగాలి. గర్భిణిని ఇంకా డోలీలో మోస్తున్న ఊళ్లు ఆ రోడ్డుకు ఎంతో దూరంలో లేవు.