మొదటి పేజీకి ఒక లింకు

ఇవాళ కాస్త ఏపీఐల సంగతి మాట్లాడుకుందాం. అది ప్రోగ్రామర్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఫోనులో రైలు ఎక్కడుందో చూసుకున్నా, రేపు వాన పడుతుందా అని చూసుకున్నా, ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును ఏపీఐ ద్వారా అడిగి తెచ్చిన సమాచారమే మీ కళ్ళముందుకు వస్తుంది. ఈ అడగడాల్లో ఒక లోటు ఉండిపోయింది. చిన్నదే గానీ, అది తీరితే ఎంత బాగుండునో అని నా ఆశ.

సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన గోదావరి డెల్టా బొమ్మ కావాలని మీరు ఎవరినో అడిగారనుకోండి. ఆయన ఒక లింకు పంపారు. తెరిస్తే జేసన్, అంటే ప్రోగ్రాములు చదువుకునే పద్ధతిలో రాసిన సమాచారం, వచ్చింది. బొమ్మ తీసిన తేదీ, మబ్బు ఎంత శాతం కమ్మింది, ఒక్కో బ్యాండు ఫైలు ఎక్కడుంది, అన్నీ ఉన్నాయి. వెంటనే ఇంకో కోరిక పుడుతుంది కదా! ఇదే చోటు కిందటేడు వరదలప్పుడు ఎలా ఉంది? అది వెతకాలంటే ఆ ఏపీఐ మొదటి పేజీకి, అంటే ఎంట్రీ పాయింటుకు వెళ్ళాలి. ఏయే సేకరణలు ఉన్నాయో, ఎక్కడ వెతకాలో చెప్పేది అదే. చేతిలో ఉన్న ఈ ఒక్క బొమ్మ నుంచి అక్కడికి దారేది?

చాలామంది చేసేది అడ్రసును తోక నుంచి కత్తిరించుకుంటూ పోవడం. ఒక స్లాష్ తీసెయ్, చూడు. రాలేదా, ఇంకోటి తీసెయ్. ఒక్కోసారి తగులుతుంది కూడా. కానీ ఒకే సర్వర్లో మూడు ఏపీఐలు ఉండొచ్చు, ఒక్కోదాని మొదలు ఒక్కోచోట ఉండొచ్చు. అడ్రసుల అమరిక సర్వరు యజమాని సొంత వ్యవహారమనీ, బయటి ప్రమాణాలు అందులో వేలు పెట్టకూడదనీ 2020లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8820 తేల్చేసింది. కాబట్టి మనం ఊహిస్తే కుదరదు, సర్వరే చెప్పాలి.

ఉపగ్రహ చిత్రాల వాళ్ళు ఈ పని చక్కగా చేశారు. వాళ్ళ ప్రమాణం పేరు స్టాక్, 1.0 వెర్షన్ 2021 మేలో వచ్చింది. ఇందాకటి జేసన్‌లో ‘లింక్స్’ అనే జాబితా చూడండి. ఒక్కో లింకుకు ‘రెల్’ అని ఒక గుర్తు. ‘సెల్ఫ్’ అంటే ఈ బొమ్మ సొంత అడ్రసు. ‘పేరెంట్’ అంటే పై మెట్టు. ‘కలెక్షన్’ అంటే ఇది చేరిన సేకరణ. ‘రూట్’ అంటే మొత్తానికీ మొదలు. నాకు ముచ్చటేసేది ఏమిటంటే, ఆ మొదట్లోనూ ‘రూట్’ లింకు పెట్టమంటారు. అది తననే చూపించుకుంటుంది. ఇంక పైకి ఎక్కక్కర్లేదని ప్రోగ్రాముకు దాంతో తెలిసిపోతుంది. గుడి ప్రాకారంలో ఏ మూల నిలబడినా తలెత్తితే గోపురం కనబడి వాకిలి ఎటో తెలుస్తుంది చూశారూ, అలాంటి ఏర్పాటు.

ఇప్పుడు ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ చూడండి. ఏపీఐ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్ అని కొడితే, ఎక్కడ ఏముందో చెప్పే లింకుల పట్టిక వస్తుంది. మంచి ఎంట్రీ పాయింటు. అదే ఏదో ఒక ఇష్యూ తెరిస్తే రిపాజిటరీకి లింకు ఉంది, లేబుళ్ళకు ఉంది, కామెంట్లకు ఉంది, ఈవెంట్లకు ఉంది, బ్రౌజర్లో చూసే పేజీకీ ఉంది. ఆ మొదటి పట్టికకు మాత్రం లేదు. ఇన్ని లింకులు ఇచ్చేచోట ఇంకొక్కటి బరువవుతుందా?

ఇలాంటి ఏపీఐలకు మూలమైన రెస్ట్ పద్ధతిని రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ గ్రంథంలో వివరించారు. మొదటి అడ్రసు ఒక్కటి తెలిస్తే చాలు, మిగతా దారంతా లింకులే చూపించాలని 2008లో మరింత గట్టిగా చెప్పారు. నిజమే, కానీ ఇప్పుడు అందరూ మొదటి అడ్రసుతోనే వస్తున్నారా? సర్వరు తనంతట తానే పంపే కబురు, వెబ్‌హుక్, వచ్చి ‘ఈ ఆర్డరు మారింది’ అని ఒక లింకు పడేసి పోతుంది. లాగ్ ఫైల్లో ఒక లింకు దొరుకుతుంది. ఏఐ ఏజెంటు చేతికి ఎవరో ఒక లోపలి లింకే ఇచ్చి పని చెబుతారు. వీళ్ళంతా నేరుగా మధ్యలో దిగేవాళ్ళే. వీళ్ళకు దారి చూపేది ఎవరు?

ఇలాంటి లింకులకు పేర్లు లేవా అంటే బోలెడున్నాయి. ‘సర్వీస్’ అనేది 2007 నాటి ఆటమ్ పబ్లిషింగ్ ప్రోటోకాల్ వాళ్ళ సర్వీస్ డాక్యుమెంటు కోసం పుట్టింది. లింకుల పేర్లు నమోదు చేసే ఐయానా పట్టికలో ‘స్టార్ట్’ ఉంది గానీ, ఒక వరసలో మొదటిదని దాని అర్థం. హైడ్రా అనే ఏపీఐ పదజాలంలో ముందు ఏపీఐ డాక్యుమెంటేషన్‌కు వెళ్ళి, అందులో రాసున్న ఎంట్రీ పాయింటును పట్టుకోవాలి. 2019 నాటి ఆర్ఎఫ్‌సీ 8631 ఇచ్చిన ‘సర్వీస్-డాక్’ మనిషి చదివే వివరణకు, ‘సర్వీస్-డెస్క్’ యంత్రం చదివే వివరణకు. 2025లో ఆర్ఎఫ్‌సీ 9727 తెచ్చిన ‘ఏపీఐ-కేటలాగ్’ ఒక సంస్థ ఇచ్చే ఏపీఐలన్నిటి జాబితా. అన్నీ పనికొచ్చేవే. కానీ ‘నువ్వున్న ఈ ఏపీఐకి మొదటి పేజీ ఇదిగో’ అని సూటిగా, ఏ ఫార్మాటుకైనా సరిపడేలా చెప్పేది వీటిలో ఏదీ లేదు. స్టాక్ వాళ్ళ ‘రూట్’ ఆ పని చేస్తుంది. కాకపోతే అది వాళ్ళ వరకే.

అందుకే నేననేది, ఒకే పేరు మీద అందరూ ఒప్పుకుని ఐయానాలో నమోదు చేయించాలి. ఆ లింకు జవాబుతో పాటు వచ్చే హెచ్‌టీటీపీ లింక్ హెడర్‌లో రావాలి. అలా వస్తే జేసన్‌కే కాదు, బొమ్మకూ పీడీఎఫ్‌కూ కూడా దారి ఉంటుంది. అడిగింది దొరకలేదనే 404 జవాబులోనూ ఉండాలి. దారి తప్పినవాడికే కదా అది ముఖ్యంగా కావలసింది! జేసన్ ఇచ్చేచోట లోపల కూడా రాయాలి. ఎందుకంటే వేరే డొమైన్ నుంచి వచ్చిన జవాబులో లింక్ హెడర్‌ను, సర్వరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, బ్రౌజరు స్క్రిప్టుకు చూపించదు.

ప్రతి జవాబుకూ ఇంత బరువా అంటారేమో. హెచ్‌టీటీపీ/2లో, ఒకే కనెక్షన్ మీద మళ్ళీమళ్ళీ వచ్చే హెడర్ కుదించుకుపోయి వస్తుంది. బరువుకన్నా నాకు భద్రత గురించే పట్టింపు. ఆ లింకు వేరే డొమైన్‌ను చూపిస్తే ప్రోగ్రాము తన గుర్తింపు టోకెన్‌ను గుడ్డిగా అక్కడికి పంపకూడదు. ఆ మాట ప్రమాణంలోనే రాసి తీరాలి.

మీ చేతిలో ఒక ఏపీఐ ఉంటే పేరు ఖాయమయ్యేదాకా ఆగనక్కర్లేదు. 2017 నాటి ఆర్ఎఫ్‌సీ 8288 ప్రకారం, నమోదైన పేరు లేనప్పుడు మీ సొంత డొమైన్‌లోని ఒక అడ్రసునే ‘రెల్’గా వాడుకోవచ్చు. అందరికీ కలిపి ఒక పేరు వచ్చాక దాన్నీ పక్కన చేర్చండి. పదిమంది వాడి చూపించినదాన్ని ప్రమాణంగా రాయడం ఎప్పుడూ తేలికే.